ప్రమాణపత్రమునకు ప్రమాణమేది?



ఎవరి స్మృత్యర్థమై మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ ఆచార్యులు భౌతికశాస్త్రమును బోధించినవారే యైనను, వారి పేరు చెప్పగానే శిష్యులకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది పాఠములకంటె పరీక్షల నిర్వహణమే. పరీక్షకు ముందటినాడు వారు గదిగదికిని పోయి, ఒక్కొక్క బల్లను అరచేతితో అదిమి చూచి, ఊగుచున్నదానిని బయట పెట్టించి, పంకా క్రింద కూర్చుండువాని కాగితములు ఎగిరిపోవునో లేదో తామే ఆ చోట కూర్చుండి పరికించి, కుండలలో నీరు నింపించి, ఆ పిమ్మటనే చీటీలు పట్టువారి సంగతి యోచించెడివారు. పరీక్ష పెట్టువాడు అభ్యర్థికి తాను పడిన ఋణమును ముందు తీర్చి, తరువాతనే వానిని శంకింపవలెనను న్యాయమీ క్రమములో నున్నది. నేటి ప్రసంగమంతయు ఆ న్యాయమునకు వ్యాఖ్యానమే యనుకొనవచ్చును. ఉదాహరణములను మాత్రము వారు చూడని క్షేత్రమునుండి, అనగా కంప్యూటరు వృత్తిలోని సర్టిఫికేషన్ పరీక్షలనుండి, గ్రహించుచున్నాను.

విశ్వవిద్యాలయమొక పట్టము నిచ్చునప్పుడు విద్యార్థిని మూడు నాలుగేండ్లు తన చెంత నుంచుకొని, ప్రయోగశాలలో వాని పనితనమును, తరగతిలో వాని ప్రశ్నలను ఎరిగి యిచ్చును. వృత్తి ప్రమాణపత్రము నిచ్చు సంస్థకో, అభ్యర్థి ముఖమైనను తెలియదు; వాడు యంత్రము నెదుట కూర్చుండిన ఆ రెండు గంటల కాలమే దానికి సర్వాధారము. అయినను ఆ పత్రమును చూచి, అభ్యర్థిని గాని, పరీక్షను గాని ఎరుగని మూడవవాడొకడు, తన బ్యాంకు సర్వరునో, ఆసుపత్రి నెట్‌వర్కునో నిశ్చింతగా వాని చేతిలో పెట్టును. పత్రము అభ్యర్థికి బహుమానమని మనమనుకొందుము గాని, నిజమునకది ఆ మూడవవానికి చేసిన వాగ్దానము. కాపీ కొట్టినవాడు పరీక్షాసంస్థను మోసగించెనని చెప్పుట చాలదు. వాగ్దానమును నమ్మి తలుపు తెరచిన ఇంటివానిని వాడు మోసగించినాడు.

ఈ పరీక్షల చరిత్ర దీర్ఘమైనది కాదు. 1989లో నోవెల్ సంస్థ తన నెట్‌వర్కులను నడుపు ఇంజనీర్లకు సి.ఎన్.ఇ. అను ప్రమాణపత్రమును ప్రారంభించినది. అట్టి పరీక్షలను దేశదేశములలో కంప్యూటరు మీదనే జరుపుటకై డ్రేక్ ప్రోమెట్రిక్ అను సంస్థయు, 1994లో వ్యూ అను సంస్థయు వెలసినవి. 1992లో మైక్రోసాఫ్టు, 1993లో సిస్కో తమ తమ పత్రములతో రంగమున దిగినవి. విశ్వవిద్యాలయముల పాఠ్యప్రణాళిక మారుటకు పట్టు కాలములో యంత్రములు రెండు తరములు మారిపోవుచుండగా, యంత్రమును చేసినవాడే దానిని నడుపువానిని పరీక్షించుట సహజమని అందరును అంగీకరించిరి. కాని దశాబ్దమైనను గడువక మునుపే, పత్రముండి పని రానివానికి ‘పేపర్ సి.ఎన్.ఇ.’ యనియు, మైక్రోసాఫ్టు పత్రమును బట్టి ‘పేపర్ ఎం.సి.ఎస్.ఇ.’ యనియు వెక్కిరింపు పేళ్లు పుట్టినవి. పేరు పుట్టినదనగా రోగము ముదిరినదనియే యర్థము.

రోగమూలమును తెలిసికొనుటకు పాత పరీక్షకును, క్రొత్త పరీక్షకును గల భేదమును గమనింపవలెను. మన బాల్యములో పరీక్ష యొక నాడు, ఒక గంటకు, ఒకే పత్రముతో జరిగెడిది. ముద్ర విప్పిన మూడు గంటల తరువాత ఆ పత్రము వేరుసెనగకాయలు పొట్లము కట్టుకొనుటకు తప్ప ఎందుకును పనికివచ్చెడిది కాదు. కంప్యూటరు పరీక్ష ప్రతిదినము జరుగును. అవే ప్రశ్నల నిధినుండి సోమవారమునాటి వానికి కొన్నియు, మంగళవారమునాటి వానికి కొన్నియు వచ్చును. కావున సోమవారమునాటివాని జ్ఞాపకశక్తియే మంగళవారమునాటివానికి చీటీ. చొక్కాచేతులు వెదకినను, చెవులు పరీక్షించినను దొరకని చీటీ యది.

ఈ సంగతిని లోకమునకు బహిరంగముగా నిరూపించిన ఘట్టమొకటి కలదు. కంప్యూటరు వృత్తికి చెందినది కాకున్నను దానిని కొంత విస్తరించి చెప్పక తప్పదు. మన పిల్లలు అమెరికా చదువులకై వ్రాయు జి.ఆర్.ఇ. పరీక్షను ఇ.టి.ఎస్. సంస్థ కంప్యూటరు మీదికి మార్చిన క్రొత్తలో, 1994లో, కాప్లాన్ అను శిక్షణ సంస్థ తన ఉద్యోగులను 20 మందిని ఆ పరీక్షకు పంపి, వారు గుర్తుంచుకొని వచ్చిన ప్రశ్నలనన్నిటిని ఒకచోట చేర్చి, నిధి యెంత చిన్నదో, అందులోని ప్రశ్నలెట్లు మరల మరల వచ్చుచున్నవో ఇ.టి.ఎస్. వారికే చూపినది. ఇ.టి.ఎస్. కొంతకాలము ఆ పరీక్షను నిలుపుచేసి, తేదీలు తగ్గించి, కాప్లాన్ మీద వ్యాజ్యము వేసినది. అభ్యర్థి సామర్థ్యమును బట్టి తరువాతి ప్రశ్నను ఎన్నుకొను తెలివిగల పరీక్ష యది. ఐనను నిధి లోతు లేనప్పుడు ఆ తెలివి అక్కరకు రాలేదు. మార్గము చూపినవారి యుద్దేశమెట్టిదైనను, మార్గము మాత్రము తెరుచుకొన్నది. 2002లో చైనా, తైవాన్, దక్షిణ కొరియాలలో ఆ కంప్యూటరు పరీక్షను ఆపి, అదే సంస్థ మరల కాగితమును, పెన్సిలును ఆశ్రయింపవలసి వచ్చినది. ముందుకు పోయిన యంత్రము వెనుకకు నడచుట అరుదుగా చూచు దృశ్యము.

సర్టిఫికేషన్ లోకములో ఆ మార్గమే రాజమార్గమైనది. పరీక్ష వ్రాసివచ్చినవారి జ్ఞాపకములనుండి కూర్చిన ప్రశ్నల మూటకు డంప్స్ అని పేరు. ఇప్పుడా మాట తెలుగే. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల నిలుచుండి చెవియొగ్గినచో ‘డంప్స్ వ్యాలిడేనా?’ అను ప్రశ్న, ‘కాఫీ వేడిగా ఉందా?’ అన్నంత సహజముగా వినవచ్చును. అచ్చటి వీధులు వేలకొలది పల్లెటూరి పిల్లలను మహాసముద్రములు దాటించినవి. జావాను, డేటాబేసులను ఇరుకు గదులలో నిజముగా నేర్పిన గురువులచ్చట ఉన్నారు, వారికి నా నమస్కారము. కాని అదే మెట్లమీద, నేర్పుటకు మారుగా గుర్తుపెట్టించువారును ఉన్నారు. అమెరికాలో మైక్రోసాఫ్టు పరీక్షల ప్రశ్నలను అమ్మిన యొక వ్యాపారి, 2002లో వ్యాపార రహస్యముల చౌర్యమను నేరమును న్యాయస్థానములో ఒప్పుకొనగా, స్వాధీనమైన యాస్తిలో ఫెరారీ కారొకటి యుండెను. జ్ఞాపకశక్తిని చిల్లరగా కొని టోకుగా అమ్మినచో ఎంత లాభమో దానినిబట్టి యూహింపవచ్చును.

డంప్స్ చదివినవాని జ్ఞానమెట్టిదో దగ్గరనుండి చూడదలచినవారికి ఒక చిన్న సంఘటనము చెప్పెదను. ఒకప్పుడు నేనొక ఇంటర్వ్యూ సంఘములో కూర్చుండగా, నెట్‌వర్కు ప్రమాణపత్రముతో వచ్చిన కుర్రవానిని, 192.168.10.100 అను చిరునామా /26 మాస్కుతో ఏ నెట్‌వర్కుకు చెందునని అడిగితిమి. కన్ను మూసి తెరచునంతలో ‘64’ అని సరియైన సమాధానము చెప్పినాడు. చిరునామాను మార్చక, /26ను /27 చేసి అడిగితిమి. 96 అని చెప్పుటకు పెద్దబాలశిక్షలోని ఎక్కములకు మించిన గణితము అక్కరలేదు. కుర్రవాడు కలము మూతను తీసి, పెట్టి, తీసి, చివరకు, ‘ఇది అందులో లేదు సార్’ అన్నాడు. అతడు అబద్ధమాడలేదు, తనకు తెలిసిన పుస్తకములో అది నిజముగా లేదు. వానిమీద కోపము రాలేదు గాని, వాని చేతికి ఆ పత్రము నిచ్చిన పరీక్షమీద వచ్చినది.

ఇక అట్టి కుర్రవాడెట్లు తయారగుచున్నాడని విచారింపవలెను. నీతిలోపమని ఒక్క మాటతో తేల్చివేయుట సులభము. కాని పెద్ద కంపెనీలు చిన్న కంపెనీలకు భాగస్వామ్యపు హోదాలిచ్చునప్పుడు, ఇన్ని పత్రములు గలవారు మీయొద్ద నుండవలెనని లెక్క పెట్టినవి. ఆ లెక్క నిండని త్రైమాసికములో మేనేజరు, ప్రాజెక్టు లేక బెంచి మీదనున్న పిల్లవానిని పిలిచి, ‘వచ్చే శుక్రవారానికి ఆ సర్టిఫికేషన్ అయిపోవాలి’ అనును. పది దినములలో ఏ పిల్లవాడు ఏమి నేర్వగలడు? నేర్చుకొనుమని చెప్పలేదు, అయిపోవలెనని చెప్పినారు. ఆ వాక్యమే డంప్స్ వ్యాపారమునకు పెట్టుబడి. ఫీజు కంపెనీదే, ఒత్తిడి కంపెనీదే, దొరికిననాడు అపరాధము మాత్రము పిల్లవానిది. ఒకరి బదులు మరియొకడు కూర్చుండి వ్రాయు ప్రాక్సీలును ఇట్టి తొందరనుండియే పుట్టినవని నా యభిప్రాయము.

ఇప్పుడు పరీక్షా మందిరములోనికి పోవుదము. టెస్టింగ్ సెంటరుకు పోయినవాని చేత గడియారము, పర్సు, ఫోను లాకరులో పెట్టించి, జేబులు తిరగదీయించి, ఛాయాచిత్రము తీసి, సంతకము తీసికొని, తుడిచి వ్రాసికొను పలకయొకటి చేతికిచ్చి, కెమెరా క్రింద కూర్చుండబెట్టుదురు. ఇందులో తప్పుపట్టదగినది లేదు. కాని తెలుగువాని తొలి పరీక్ష తలుపు దగ్గరనే మొదలగును: పాసుపోర్టులో ఇంటిపేరు పూర్తిగానుండును, మరియొక కార్డులో అది ఒక్క అక్షరముగా ముడుచుకొని యుండును, నమోదు చేసికొన్నచోట పేరు ముందు, ఇంటిపేరు వెనుక. గుర్తింపు పత్రములోని పేరు నమోదైన పేరుతో సరిపోలవలెనని నియమము. సరిపోలనిచో లోనికి రానీయరు, కట్టిన సొమ్ము పోవును. పరాయివానిని ఆపుటకు పెట్టిన కంచె, నిజమైనవానినే ఆపుచున్నది. పేర్ల రీతి దేశమునుబట్టి మారునని ఎరిగి, నమోదు సమయముననే హెచ్చరించి సరిచేయించుట పరీక్షాసంస్థకు కష్టమైన పని కాదు.

లోపలి స్థితిగతులు కూడ మార్కులను మార్చును. ఇన్‌వర్టరు సరిగా లేనిచోట కరెంటు పోయి వచ్చిన యా రెండు నిమిషములలో గడియారము ఆగినదో, నడచినదో తెలియక అభ్యర్థి పడు ఆందోళన, రెండు ప్రశ్నలనైనను తినివేయును. ప్రక్క గదిలో ట్రైనింగ్ క్లాసు జరుగుచుండుట, మీట లరిగిపోయిన కీబోర్డు, చలికి వేళ్లు వంకరలు పోవునట్టి ఏ.సి. వీనిని గూర్చి ఫిర్యాదు చేయువారు తక్కువ. ఓడినవాడు సాకు చెప్పుచున్నాడందురేమోనని సిగ్గు. భాష సంగతియు నట్టిదే. ఆంగ్లము మాతృభాష కానివారికి కొన్ని సంస్థలు ముప్పది నిమిషములు అదనముగా నిచ్చుట కలదు. కోరుకొన్ననే దొరకు ఆ సౌకర్యమును ఎరుగని మన పిల్లలెందరో. నెట్‌వర్కును పరీక్షింపబూని వాక్యనిర్మాణమును పరీక్షించుట, కొలబద్దనే వంకరగా పట్టుకొనుట.

2020లో మహమ్మారి వచ్చి సెంటర్లు మూతపడగా, పరీక్ష ఇంటికే వచ్చినది. ల్యాప్‌టాపును ఎత్తి గది నాలుగు గోడలు, బల్ల క్రిందును చూపి, వెబ్‌క్యామ్ నెదుట కదలక కూర్చుండవలెను. ఎచ్చటనో యున్న ఇన్విజిలేటరు చూచుచుండును. ప్రశ్నను పెదవులు కదలించుచు చదువుకొనుట మనవారిలో చాలమందికి బాల్యమునుండి వచ్చిన యలవాటు. అచ్చట నది అపరాధచిహ్నము. అమ్మమ్మ తలుపు తోసికొని ‘కాఫీ త్రాగుతావురా?’ అనిన యెడల పరీక్ష రద్దయినను ఆశ్చర్యము లేదు. తనకంటూ గది గల సంపన్నునికి, రెండు గదుల యింటిలో ఆరుగురితో నుండువానికి ఇది సమానమైన మందిరమెట్లగును? 2022లో అమెరికాలో ఓహాయో రాష్ట్రమునందలి ఫెడరల్ న్యాయమూర్తి యొకరు, ప్రభుత్వ విశ్వవిద్యాలయమొకటి విద్యార్థి పడకగదిని కెమెరాతో చూపుమనుట రాజ్యాంగము సమ్మతింపని సోదాయని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు ప్రైవేటు పరీక్షాసంస్థలను బంధింపదు గాని, ఆలోచింపజేయవలెను. ఇంతచేసినను తెర వెనుక రెండవ తెర పెట్టువాడు పెట్టుచునే యున్నాడు; నలిగిపోవునది సజ్జనుడు.

కావున కాపలాను గదికంటె ముందు ప్రశ్నకు పెట్టవలెనని నేననుచున్నాను. అనగా, ఎత్తుకొనిపోయినను పనికిరాని ప్రశ్న నడుగవలెను. సిస్కోవారి సి.సి.ఐ.ఇ. ప్రయోగపరీక్ష తొలుత రెండు దినములుండెడిది. అభ్యర్థి కట్టిన నెట్‌వర్కును రెండవనాడు పరీక్షకుడు రహస్యముగా చెడగొట్టి, ‘బాగుచేయుము’ అనెడివాడు. 2001లో దానిని ఒక దినమునకు, ఎనిమిది గంటలకు కుదించిరి. రెడ్ హ్యాట్ సంస్థ 1999 నుండి నడపు పరీక్షలో నేడు నాలుగు సమాధానములలో నొకటి గుర్తించుట యనునది లేదు: ప్రాణమున్న యంత్రమును ముందు పెట్టుదురు, పని చేయించుదురు; యంత్రమును ఆపి మరల ప్రారంభించిన తరువాత, చేసిన పని నిలిచియున్ననే మార్కులు. ఆ నియమము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. తాత్కాలికముగా నడిపించి చూపువానిని, నిలుచునట్లు అమర్చినవానిని ఒక్క పునఃప్రారంభము వేరుచేయుచున్నది. ప్రయోగపరీక్షలకును వర్క్‌బుక్కుల పేర డంప్స్ పుట్టినవని నేనెరుగుదును. కాని ఎనిమిది గంటల పనిని కంఠస్థము చేసినవాడు ఎంతో కొంత పని నేర్చియే తీరును.

ప్రయోగపరీక్షకు ఖర్చెక్కువ, ప్రశ్నోత్తర పరీక్షలు పోవు. వానిని రక్షించుటకు మార్గములు లేకపోలేదు. నిధిని లోతుచేయుట, ప్రశ్నలను తరచుగా మార్చుట మొదటిది. భద్రతానిపుణులకిచ్చు సి.ఐ.ఎస్.ఎస్.పి. పరీక్ష ఆంగ్లములో 250 ప్రశ్నలతో ఆరు గంటలుండెడిది. 2017 డిసెంబరులో దానిని అభ్యర్థినిబట్టి మారునట్లు చేసి, 100 నుండి 150 ప్రశ్నలకు, మూడు గంటలకు దించిరి. ఒక్కొక్కనికి కనబడు ప్రశ్నలు తగ్గినకొలది, బయటికి పోవునవియు తగ్గును. లెక్కలనుబట్టి పట్టుకొనుట రెండవది. సరియైన సమాధానములు పదిమందివి ఒక్కటిగా నుండుట సహజమే. తప్పులు కూడ అవే యైనచో మూలమొక్కటియని తెలియును. ఉద్దేశపూర్వకముగా తప్పు సమాధానము నమోదు చేసి, మార్కులలో చేర్చని ప్రశ్నలను కొన్నిటిని నిధిలో కలుపుదురు. డంపులోని ఆ తప్పునే అప్పగించినవాడు తానుగా దొరకును. అయితే లెక్క అనుమానమునకు చాలును గాని శిక్షకు చాలదు. ఒకానొక ఉదయమున ‘మీ ఫలితము రద్దు’ అను ఈమెయిలు మాత్రమే పంపి, కారణము చెప్పక, మొర వినక, కట్టిన సొమ్ము నుంచుకొను పద్ధతి న్యాయము కాదు. వృత్తిపత్రములిచ్చు సంస్థలకై యేర్పడిన ఐ.ఎస్.ఓ. 17024 ప్రమాణము అప్పీలుకు విధానముండవలెనని చెప్పుచున్నది. అభ్యర్థులు దానిని అడిగి తెలిసికొనవలెను.

డబ్బున్న సంస్థలకే ఇది సాధ్యమనుకొనుట పొరపాటు. 2005లో ఏర్పడిన బి.ఎస్.డి. సర్టిఫికేషన్ గ్రూపు కొలదిమంది స్వచ్ఛంద సేవకులదై యుండెను. వారు తొలుత బి.ఎస్.డి. అను ఆపరేటింగ్ వ్యవస్థలను నడపువారు నిజముగా చేయు పనులేవో విచారణ జరిపి, మానసికమాపన శాస్త్రజ్ఞుల సహాయముతో ప్రశ్నలు కూర్చి, 2008లో తొలి పరీక్ష పెట్టిరి. సెంటర్లకు చెల్లించుటకు సొమ్ము లేదు గనుక, ఆ వృత్తివారు కలిసికొను సమావేశములలోనే ఒక గదిలో, కాగితము మీద, కన్నులున్న మనుష్యులు కాపలా కాయగా జరిపిరి. ఒక తేదీ, ఒక గది, ముఖము చూచి గుర్తుపట్టు పరీక్షకుడు: మన ఆచార్యులవారి మందిరమే యది. మన విశ్వవిద్యాలయములు, కంప్యూటరు సంఘములు ఆ మార్గమును పరిశీలింపదగును.

చట్టముమీద నాకంత ఆశ లేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము గాని, 2024లో పార్లమెంటు చేసిన చట్టము గాని ప్రభుత్వ, విద్యాపరీక్షలకై పుట్టినవి. విదేశీ కంపెనీ పెట్టు వృత్తిపరీక్ష వాని పరిధిలోనిది కాదు. కంప్యూటరు ద్వారా పరవేషము ధరించి మోసగించినవానికి ఐ.టి. చట్టము 66డి సెక్షను మూడేండ్లవరకు కారాగారము విధించును గనుక, ప్రాక్సీలను ఆ దారిని పట్టుకొనవచ్చునేమో. ప్రశ్నలు చెప్పనని అభ్యర్థి తెరమీద మీట నొక్కి యిచ్చు మాట మాత్రము ఒప్పందము. చదివి నొక్కువారు నాకు తటస్థపడలేదు.

ఈ సభలో నా పూర్వశిష్యులు పలువురు, కంపెనీలలో పెద్ద పదవులలో నున్నవారు, కూర్చుండియున్నారు. వారికి నా మనవి. ఒక ఉద్యోగిని పరీక్షకు పంపదలచినప్పుడు, పనివేళలలోనే రెండు నెలలు చదువుకొననిండు; గడువు నిర్ణయించువాడు మీరే గాని పరీక్షాసంస్థ కాదు. ఎవడైనను పత్రము తెచ్చినచో, దానిపైనున్న ధ్రువీకరణ సంఖ్యను ఆ సంస్థవారియొద్దనే సరిచూడుడు. రెండు నిమిషముల పని. ఉద్యోగమిచ్చుటకు ముందు యంత్రమొకటి చెడగొట్టి వాని ముందుంచి, అరగంట కాలము, మంచి కుర్చీ, గ్లాసెడు మంచినీళ్లు ఇచ్చి, బాగుచేయుమని చెప్పి మీరు ప్రక్కకు పొండు. దీనికి ఎవరి యనుమతియు అక్కరలేదు. వచ్చు సోమవారమే మొదలుపెట్టుడు.